నీళ్ళు చూడని వలలు

లారీలోంచి దించిన మూటల్లో మొదటిదాన్ని కోసి విప్పగానే బాలమ్మకు అనుమానం వచ్చింది. లోపల నైలాన్ వల మడతలు మడతలుగా, అంగట్లోంచి తెచ్చినంత శుభ్రంగా ఉంది. ఒక కొస పట్టుకుని వాసన చూసింది. వేళ్ళ మధ్య నలిపింది. ముడి మీద గోటితో గీకింది. సముద్రంలో పది రోజులు నానిన వలకైనా ముడులు బిగుసుకుంటాయి, దారం గరుకెక్కుతుంది, ఎంత కడిగినా పోని నీచు పడుతుంది. ఈ వలకు కొత్త ప్లాస్టిక్ బకెట్ వాసన తప్ప వేరే ఏమీ లేదు.

“అక్కా, ఒకసారి ఇట్లా రా,” అని పక్క బల్ల దగ్గరున్న అక్కయమ్మను పిలిచింది.

అక్కయమ్మది బెంగళూరు పక్కన ఆనేకల్ దగ్గర పల్లె. జిగణిలో గ్రానైటు ఫ్యాక్టరీలు రాకముందు నుంచీ ఆ చుట్టుపక్కలే కూలి చేసుకు బతికింది. సముద్రం ఎన్నడూ చూడలేదు. ఆమె తెలుగులో కన్నడం కలుస్తుంది.

“ఇది నీళ్ళల్లో దిగిన వల కాదు. కొత్తది,” అంది బాలమ్మ.

“కొత్తదయితే మంచిదే కదప్పా. గలీజు ఉండదు. చేతులు కోసుకోవు.”

“కొత్త వలని ఎవురన్నా పారేస్తారా అక్కా?”

“దొడ్డోళ్ళ యవ్వారం మనకేల? సుమ్మనే కోసి మిషన్లోకి తొయ్యి. సూపర్‌వైజరు చూస్తా ఉండాడు.”

బాలమ్మ కోసి తోసింది. ఆ రోజు వచ్చిన నలభై మూటల్లో ఒక్క దాంట్లోనూ చేప పొలుసు కనపడలేదు.

జిగణిలోని ఆ షెడ్డులో అరవై మంది ఆడవాళ్ళు పనిచేస్తారు. సముద్రంలో తెగి మిగిలిపోయిన వలలను, ఒడ్డున పారేసిన వలలను ఊళ్ళ నుంచి తెప్పించి, తాళ్ళు, బెండ్లు, సీసపు గుండ్లు తీసేసి, ఉత్త నైలాన్‌ను వేరు చేయడం వాళ్ళ పని. దాన్ని మిషన్ తురిమి, కరిగించి గింజలు చేస్తుంది. ఆ గింజలతో తీసిన దారం విదేశాలకు పోతుంది. సముద్రాన్ని శుభ్రం చేసి తీసిన దారమని దానికి ఎక్కువ ధర.

ఈ పనిలో బాలమ్మ జీతానికి మాత్రమే చేరలేదు. ఆమెది పాత నెల్లూరు జిల్లా దక్షిణపు కొసన ఉన్న దొరువుకుప్పం. చేపలు పట్టే ఊరు. ఆ ఊరికి ఎదురుగా, ఒడ్డు నుంచి రెండు మైళ్ళ లోపల నీళ్ళ కింద ఒక రాళ్ళ తిప్ప ఉంది. పూర్వం ఊరికి పీతలు, వంజరాలు అక్కడే దొరికేవి. పెద్ద మరబోట్లు వచ్చి ఆ పక్కన తిరగడం మొదలయ్యాక ఊరివాళ్ళ వలలు తెగి రాళ్ళకు చిక్కుకుపోయేవి. అలా మిగిలిపోయిన వల ఊరికే ఉండదు. చేపల్ని, పీతల్ని పడుతూనే ఉంటుంది. పట్టినవి అక్కడే కుళ్ళిపోతాయి. వాటిని తినడానికి వచ్చిన తాబేలు కూడా దాంట్లోనే చిక్కి చస్తుంది. పదేళ్ళలో ఆ తిప్ప మొత్తం వలల ముసుగు కప్పుకుంది.

ఆరేళ్ళ కింద ఒక తెల్లవారుజామున బాలమ్మ భర్త పోలయ్య బోటు ఇంజను ఫ్యానుకు అలాంటి వల ముద్ద చుట్టుకుంది. ఇంజను ఆగింది. బోటు అలకు అడ్డం తిరిగింది. పోలయ్య బోటు అంచు మీద పడి తుంటి ఎముక విరగ్గొట్టుకుని నీళ్ళలోకి జారిపోయాడు. వెంట ఉన్న అతని తమ్ముడు ఈదుకుంటూ ఒడ్డుకు చేర్చాడు గానీ, పోలయ్య మళ్ళీ వేటకు పోలేదు. చేతికర్ర పట్టుకుని ఒడ్డున కూర్చుని ఇతరుల వలలు బాగుచేసేవాడు.

హేమలత ఆ ఊరికి వచ్చింది ఆ మరుసటి ఏడే. ముప్పై అయిదేళ్ళుంటాయి. ఆ షెడ్డు నడిపే బెంగళూరు కంపెనీ మనిషి. తుఫాను షెల్టరు మెట్ల మీద ఆడవాళ్ళందరినీ కూర్చోబెట్టి, లాప్‌టాప్‌లో వలకు చిక్కిన తాబేలు బొమ్మలు చూపించింది. కాసేపు చూసి బాలమ్మ లేచింది.

“మాకు బొమ్మలు ఎందుకు మేడం? అట్టాంటియి రోజూ చూస్తానే ఉండాము. ఆ వల్లు తీసుకుపోయేటోళ్ళు ఉంటే చెప్పండి, తెచ్చి పెడతాము.”

హేమలత నవ్వి లాప్‌టాప్ మూసేసింది. “అదే చెప్పడానికి వచ్చానమ్మా. మీరు ఒక్క మాటలో చెప్పేశారు,” అంది.

అలా మొదలైంది. హేమలత వాళ్ళ ఇంట్లోనే నాలుగు నెలలు ఉంది. బాలమ్మ వండిన కవళ్ళ చేపల పులుసు తింది. మగవాళ్ళు చిక్కిన వలను కోసి వదిలేయకుండా బోటులోకి లాక్కొచ్చేవాళ్ళు. ఈత బాగా వచ్చినవాళ్ళు తిప్ప మీద మునిగి, ముసుగును ముక్కలు ముక్కలుగా కోసి తెచ్చారు. ఆడవాళ్ళు వాటిని ఎండబెట్టి మూటలు కట్టేవాళ్ళు. నెలకోసారి లారీ వచ్చేది. రెండేళ్ళకు తిప్ప దగ్గర పీతలు మళ్ళీ పడటం మొదలైంది. మొదటి బుట్టెడు పీతలు తెచ్చిన రోజు ఊరి పెద్దలు హేమలతకు చీర పెట్టారు.

“షెడ్డులో వలలు తెలిసిన మనిషి ఒక్కరూ లేరు బాలమ్మా. నువ్వు వస్తే మిగతావాళ్ళకి నేర్పిస్తావు,” అని హేమలతే అడిగింది. బాలమ్మ కూతురు కళ్యాణి అప్పటికే బొమ్మనహళ్ళిలో ఒక గార్మెంట్సులో కుడుతూ, ఇంకో అమ్మాయితో కలిసి గదిలో ఉంటోంది. పోలయ్య పొమ్మన్నాడు. బాలమ్మ బెంగళూరు వచ్చి కూతురితో చేరింది. పొద్దున్నే బస్సెక్కి జిగణికి, సాయంత్రం మళ్ళీ బస్సెక్కి బొమ్మనహళ్ళికి.

మొదటి ఏడు ఆమెకు ఆ షెడ్డు పరాయిచోటులా అనిపించలేదు. మూట విప్పగానే ఒడ్డు వాసన వచ్చేది. దారం కొస కాల్చి, పొగ వాసనను బట్టి ఏది నైలానో ఏది కాదో చెప్పడం అందరికీ నేర్పింది. ఒకసారి ఒక వలలో పోలయ్య వేసిన అతుకు కనపడింది. ముడి వేసి, కొసను రెండుసార్లు లోపలికి తిప్పే అలవాటు ఊళ్ళో అతనొక్కడికే ఉంది. ఆ జానెడు ముక్కను మిషన్లోకి తోయబుద్ధి కాక, దాచుకోవడానికి సిగ్గేసి, చాలాసేపు బల్ల మీదే పెట్టుకుని, చివరికి తోసేసింది.

ఇప్పుడు ఈ కొత్త వలలు.

ఆ ఆదివారం పోలయ్యకు ఫోన్ చేసింది.

“లారీ వొచ్చి నాలుగు నెలలయింది మే,” అన్నాడు అతను. “షెల్టరు కింద అంతా మూటలే. ఇంక పెట్టే చోటు లేదు. ఆడోళ్ళు నన్ను అడగతా ఉండారు, మీ ఇంటామె ఆడే గదా ఉండాది, కనుక్కో అని.”

మర్నాడు బాలమ్మ షెడ్డు వెనకాల ఉన్న ఆఫీసు గదికి వెళ్ళింది. హేమలత ఏమీ దాచలేదు.

“నిజం చెప్తాను బాలమ్మా. మీ వలల్లో ఇసుక, సీసం, పెంకులు. మిషన్ బ్లేడ్లు నెలకోసారి విరుగుతున్నాయి. పది మూటలు తెస్తే ఆరు పనికొస్తున్నాయి. బయటి కంపెనీకి డేటు ప్రకారం సరుకు ఇవ్వాలి. ఒక వలల ఫ్యాక్టరీలో అంచులు కత్తిరించినవి, రిజెక్ట్ అయినవి దొరుకుతున్నాయి. అవి కూడా వేస్టే కదా.”

“అది వేస్టే మేడం. సముద్రంలో వేస్టు కాదు గదా.”

హేమలత బల్ల మీది కాగితాలు సర్దింది. “ఆరు నెలలు ఓపిక పట్టు. కొత్త మిషన్ వస్తుంది. అప్పుడు మళ్ళీ మీ ఊరివే తెస్తాం,” అంది.

బాలమ్మ నమ్మింది. తన ఇంట్లో నాలుగు నెలలు చాప మీద పడుకున్న మనిషిని నమ్మకపోవడం ఆమెకు చేతకాలేదు.

మూడు వారాల తర్వాత హేమలతే పిలిచింది. ఈసారి టీ తెప్పించి, కుర్చీ చూపించింది. సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ నుంచి తనిఖీకి మనిషి వస్తున్నాడని చెప్పింది. ఈ నైలాన్ సముద్రం నుంచి వచ్చినదేనని వాళ్ళు రాసిచ్చిన కాగితం మీదే కంపెనీ నడుస్తోందనీ, అది పోతే షెడ్డు మూతేననీ చెప్పింది.

“మరి ఆ మూటలు చూస్తే ఎవురికైనా తెలిసిపోతాది మేడం.”

“అందుకే పిలిచాను. వాటికి కాస్త సముద్రం పట్టించాలి.”

బాలమ్మకు వెంటనే అర్థం కాలేదు. హేమలత కిటికీ వైపు చూస్తూ మెల్లిగా వివరించింది. ఉప్పునీళ్ళు, ఇసుక, కొంచెం మురికి. ఒక వంద మూటలు చాలు, ముందు వరసలో పెట్టడానికి. అది ఎలా చేస్తే నిజంగా ఉంటుందో తెలిసిన మనిషి షెడ్డులో ఒక్కతే.

“ఇది తప్పు గదా మేడం.”

“తప్పే. నాకు తెలియదా? ఇది గట్టెక్కితే మొదటి లారీ దొరువుకుప్పానికే పంపిస్తాను. నా మాట మీద నమ్మకం ఉంటే చెయ్యి, లేకపోతే వద్దు.”

బాలమ్మ ఆ పూట ఏమీ చెప్పకుండా వచ్చేసింది. బస్సులో కూర్చున్నంతసేపూ షెల్టరు కింద పేరుకున్న మూటలే గుర్తొచ్చాయి. అవి అలాగే ఉంటే మగవాళ్ళు వలలు తేవడం మానేస్తారు. మళ్ళీ సముద్రంలోనే కోసి వదిలేస్తారు. రెండేళ్ళు మునిగి శుభ్రం చేసిన తిప్ప మళ్ళీ మూసుకుపోతుంది. వంద మూటలకు ఉప్పునీళ్ళు పూస్తే అది ఆగుతుందంటే, పూయక ఏం చేయాలి? మర్నాడు పొద్దున వెళ్ళి సరేనంది.

డ్రమ్ముల్లో కల్లుప్పు కలిపారు. ఇసుక కావాలంటే దగ్గర్లో ఇల్లు కట్టేచోటి నుంచి రెండు బస్తాలు తెచ్చారు. బాలమ్మ గుప్పెట్లోకి తీసుకుని చూసి పడేసింది. అది రాళ్ళు దంచిన పొడి. సముద్రపు ఇసుక అలా గుచ్చుకోదు. పైగా సముద్రం నుంచి వచ్చిన వలలో గవ్వ ముక్కయినా లేకుండా ఉండదు. ఆ సాయంత్రం ఊరికి ఫోన్ చేసింది.

“నాలుగు బస్తాలు ఒడ్డు ఇసక పంపించు. గవ్వలు, పెంకులు, ఎండిన నాచు కూడా ఎయ్యి. సూళ్ళూరుపేటలో ట్రావెల్స్ బస్సులో ఎయ్యి, నా పేరు రాయించు.”

“ఎందుకు మే?”

ఆమె చెప్పింది.

“వల్లు ఈడ కుప్పలు పడుండాయి,” అన్నాడు పోలయ్య. “అయ్యి ఒద్దంట. వాటికంటుకున్న ఇసక కావాలంట. నువ్వు చెప్పినావు గాబట్టి పంపిస్తా.”

మూడో రోజు తెల్లారి బస్తాలు వచ్చాయి. కళ్యాణి ఆటో మాట్లాడి తల్లితో పాటు వాటిని ఎక్కించింది. ఎందుకని అడిగితే బాలమ్మ పని కోసమని మాత్రం చెప్పింది. కూతురికి అబద్ధం చెప్పడం ఆమెకు అలవాటు లేదు. ఆటో సిల్క్‌బోర్డు కూడలి వైపు పోయే ట్రాఫిక్‌ను తప్పించుకుని తిరిగే వరకూ కళ్యాణి ఆమె ముఖం వైపే చూస్తూ నిలబడింది.

నాలుగు రోజులు పట్టింది. వలలను ఉప్పునీళ్ళలో నానబెట్టి, ఎండకేసి, ఇసుకలో దొర్లించి, మళ్ళీ నానబెట్టారు. ఎండుచేపలు ఉడకబెట్టిన నీళ్ళు చల్లారు. అక్కడక్కడా కోసి, చింపి, రాళ్ళకు చిక్కినట్టు పీచు లాగారు. మడతల్లో గవ్వలు జొప్పించారు. బాలమ్మ దగ్గరుండి చేయించింది. చేతకానట్టు చేయడం ఆమెకు రాలేదు. వల దగ్గర కూర్చుంటే చేతులు వాటి పని అవి చేసుకుపోయేవి.

నాలుగో రోజు మధ్యాహ్నం అక్కయమ్మ ఒక మూట మీదికి వంగి వాసన చూసింది.

“ఇదేనా బాలమ్మా సముద్రం వాసన?”

బాలమ్మ చేతులకంటిన ఇసుక దులుపుకుంది. “పదక్కా, అన్నం తిందాం,” అంది.

తనిఖీకి వచ్చినతని పేరు హరీశ్. అనంతపురం వైపు మనిషి. చదువు, ఉద్యోగం అంతా బెంగళూరులోనే. పొద్దున్నంతా ఆఫీసు గదిలో కాగితాలు చూశాడు. భోజనాలయ్యాక షెడ్డులోకి వచ్చాడు. హేమలత పక్కనే ఉండి అన్నీ చూపించింది. మత్స్యకార గ్రామం నుంచి వచ్చి ఇక్కడ పనిచేస్తోందంటూ బాలమ్మనూ పరిచయం చేసింది. అంతలో ఆమెకు ఫోన్ వచ్చి కొంచెం అవతలికి వెళ్ళింది.

హరీశ్ ఒక మూటలో చెయ్యి పెట్టి వలను బయటికి లాగాడు. గవ్వలు జలజలా నేల మీద రాలాయి. ఒకదాన్ని తీసి అరచేతిలో పెట్టుకుని చూశాడు.

“ఇవి దారానికి అతుక్కుని ఉండాలి కదమ్మా? వేరే చోట్ల చూసినాను, గోటితో గీకినా వచ్చేవి కావు.”

బాలమ్మ తల వంచుకుంది. రవాణాలో రాలిపోయాయని చెప్పమని హేమలత ముందే నేర్పింది. ఆ మాట నోటి దాకా వచ్చింది.

“మీ ఊరి వలలు ఇందులో ఏవమ్మా?” అని అడిగాడు అతను, మామూలుగానే.

ఆమె ఒక్కో మూటనూ చూసింది. ఏదో ఒకటి చూపిస్తే సరిపోతుంది. ఏది చూపించినా అతను రాసుకుంటాడు. దొరువుకుప్పం అని ఆ కాగితం మీద పడుతుంది. తిప్ప మీద మునిగి, ఊపిరి బిగబట్టి కోసుకొచ్చిన వలల లెక్కలో ఈ ఫ్యాక్టరీ వల కూడా చేరిపోతుంది.

“మా ఊరి వల ఇందులో ఒక్కటి కూడా లేదు సార్,” అంది. “ఇసక మాత్రం మా ఊరిదే.”

తర్వాత అంతా చెప్పింది. కొత్త వలలు రావడం మొదలైన రోజు నుంచి, బస్సులో వచ్చిన బస్తాల దాకా. హేమలత చెబితే చేశామనీ చెప్పింది. హరీశ్ మధ్యలో అడ్డు రాలేదు. చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. చదివి వినిపించి, సంతకం పెడతావా అని అడిగాడు. బాలమ్మ నెమ్మదిగా తన పేరు రాసింది.

“నాకు చూపించినది చూపించినట్టు రాస్తాను. ఆ తర్వాత మా ఆఫీసు వాళ్ళు ఏం చేస్తారో నా చేతిలో లేదమ్మా.”

“మీరు రాయండి సార్, చాలు.”

హేమలత తిరిగి వచ్చేసరికి అతను పుస్తకం మూసి సంచిలో పెట్టుకుంటున్నాడు. ఆమె ఇద్దరి ముఖాలూ చూసింది.

ఆ సాయంత్రం బాలమ్మ కూతురికి అన్నీ చెప్పింది. చాలా రోజుల తర్వాత కడుపు నిండా తింది.

పదహారో రోజున సర్టిఫికెట్ తాత్కాలికంగా ఆపేశారని షెడ్డులో చెప్పారు. విచారణ అయ్యేదాకా సగం మందే పనికి రావాలన్నారు. అరవై మందిలో ఎవరూ బాలమ్మతో పైకి ఏమీ అనలేదు. ఆమె నీళ్ళ కుళాయి దగ్గరికి వెళితే మాత్రం అక్కడున్నవాళ్ళు బిందెలు తీసుకుని జరిగిపోయేవాళ్ళు.

ఇంకో పది రోజులకు ఆమెను ఆఫీసు గదికి పిలిచారు. బల్ల వెనక హేమలతతో పాటు, ఎన్నడూ చూడని ఇద్దరు పెద్దమనుషులు ఉన్నారు. హేమలత ఒక కాగితం చదివింది. సార్టింగు విభాగంలో పనిచేసే బాలమ్మ అనే కార్మికురాలు, యాజమాన్యానికి తెలియకుండా, తన సొంత ఊరి నుంచి ఇసుక, గవ్వలు తెప్పించి సరుకులో కలిపిందని విచారణలో తేలింది. బస్సు పార్సిలు రసీదు ఆమె పేరు మీదే ఉంది. తన ఊరి నుంచి ఎక్కువ సరుకు వచ్చినట్టు చూపించుకోవడానికి ఆ పని చేసింది. అందువల్ల ఆమెను పనిలోంచి తొలగిస్తున్నారు. నమ్మదగినది కాదు కాబట్టి దొరువుకుప్పాన్ని సరఫరా చేసే ఊళ్ళ జాబితాలోంచి తీసేస్తున్నారు.

బాలమ్మకు తన ఉద్యోగం సంగతి కన్నా ఆ చివరి మాటే బాగా అర్థమైంది.

“మేడం, మీరే గదా చెయ్యమన్నారు.”

హేమలత కాగితం మీంచి తల ఎత్తలేదు. “నేను చెప్పినట్టు ఎక్కడా లేదు బాలమ్మా.”

“మా ఇంట్లో తిన్నారు. మా ఊరి పేరు తీసేస్తా ఉండారు. మీ నోటితో మీరే చదవతా ఉండారు.”

పెద్దమనుషుల్లో ఒకాయన కన్నడంలో ఏదో అన్నాడు. హేమలత లేచి, బాలమ్మను తలుపు దాకా తీసుకొచ్చి, చాలా మెల్లిగా అంది: “నువ్వొక్కదానివి పోతే అరవై మంది నిలుస్తారు. నేను పోతే ప్రాజెక్టే ఉండదు. అర్థం చేసుకో.”

ఆమె కళ్ళలో నీళ్ళు ఉన్నాయి. ఆ నీళ్ళు చూసి బాలమ్మకు మండుకొచ్చింది. చెయ్యి విడిపించుకుని బయటికి నడిచింది.

గేటు దగ్గర అక్కయమ్మ కాచుకుని ఉంది. అన్నం డబ్బా, చెప్పులు, పాత చీర ముక్క ఒక సంచిలో వేసి తెచ్చింది.

“నన్నూ పిలిచిరి బాలమ్మా. ఇసక ఎవరు తెచ్చిరి అని అడిగిరి. ఆయమ్మే తెచ్చె అంటిని. నేను అబద్ధం చెప్పలే.”

“నిజమే చెప్పినావక్కా.”

“ఎవరు తెమ్మనిరి అని అడగలే. అడిగితే చెప్పతా ఉంటిని.”

అడిగినా చెప్పేది కాదని ఇద్దరికీ తెలుసు. అక్కయమ్మకు ఇద్దరు మనవరాళ్ళు, మంచం పట్టిన భర్త ఉన్నారు. బాలమ్మ సంచి తీసుకుంది.

తనిఖీ రోజున హరీశ్ ఇచ్చి వెళ్ళిన నంబరుకు కళ్యాణి చేత ఫోన్ చేయించింది. అతను విసుక్కోలేదు. తను రాయవలసిందంతా రాశానన్నాడు. కంపెనీ దానికి జవాబు పంపిందనీ, తప్పు చేసిన మనిషిని తీసేశామని ఆధారాలతో సహా చూపించిందనీ, పై ఆఫీసు దాన్ని దిద్దుబాటుగా ఒప్పుకుని సర్టిఫికెట్ తిరిగి ఇచ్చేసిందనీ చెప్పాడు.

“మేడం పేరు కూడా చెప్పినాను గదా సార్.”

“రాసినానమ్మా. కాగితం ఒకవైపు, మాట ఒకవైపు ఉంటే మా వాళ్ళు కాగితమే చూస్తారు. నన్ను ఇప్పుడు ఆ పని నుంచి మార్చేసినారు. కాఫీ తోటలు చూస్తా ఉన్నాను.” ఫోన్ పెట్టేముందు, “నేను మీ సంతకం తీసుకోకుండా ఉండాల్సింది,” అన్నాడు.

ఊళ్ళో విషయం ఆమె కన్నా ముందే చేరింది. ఇరవై ఇళ్ళ ఆడవాళ్ళు మూటలు కట్టి పెట్టిన వలలకు ఇక లారీ రాదు. ఒకామె ఫోన్ చేసి, “నీ మొగుడు పంపిన ఇసకే మా కొంప ముంచింది. పోనీ తప్పు చేసినావు, నోరన్నా మూసుకోని ఉండకపోయినావా?” అంది. బాలమ్మ ఫోన్ పెట్టేసింది. రెండిట్లో ఒక్కటే చేసి ఉంటే ఇంత జరిగేది కాదు. తప్పు చేసి నోరు మూసుకున్నా ఊరు నిలిచేది. మొదట్లోనే కాదని ఉన్నా తనొక్కతే పోయేది. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

రెండు నెలలు ఖాళీగా ఉంది. తర్వాత కళ్యాణితో పాటు కుట్టే ఒకమ్మాయి చెబితే చిక్కపేటలో ఒక దుకాణంలో చేరింది. అపార్టుమెంటు బాల్కనీల్లోకి పావురాలు రాకుండా కట్టే నైలాన్ వలలు అమ్ముతారు అక్కడ. ఇచ్చిన కొలతకు కోసి, అంచుకు తాడు అల్లడం ఆమె పని. బొమ్మనహళ్ళిలో మెట్రో ఎక్కి, మధ్యలో మారి చిక్కపేటలో దిగుతుంది. బండ్లు లాగే హమాలీల మధ్య నుంచి నడిచి, గొందిలో ఉన్న ఆ దుకాణం మేడ మీద కూర్చుంటుంది. నలుగురు చేసే పని ఆమె ఒక్కతే చేస్తుందని సేటు అందరికీ చెబుతాడు.

కార్తీకంలో ఒక మధ్యాహ్నం పోలయ్య ఫోన్ చేశాడు. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టిందని టీవీలో రెండు రోజులుగా చెబుతున్నారు.

“షెల్టరు ఖాళీ చెయ్యమని అధికార్లు వొచ్చినారు,” అన్నాడు. “జనం తల దాచుకోవాలంటే ఆ మూటలు తియ్యాల గదా.”

“తీసి ఏడ పెట్టినారు?”

“ఏడ పెడతారు? కాల్చబోతే పొగకు ముసిలోళ్ళు ఉక్కిరిబిక్కిరై పోయినారు. రోడ్డు మీద ఎయ్యద్దని పంచాయతోళ్ళు. ఒడ్డున ఎయ్యద్దని అధికార్లు.”

బాలమ్మ చేతిలో అల్లుతున్న తాడు పక్కన పెట్టింది.

“బోట్లల్లో ఏసుకోని పోయినారు మే. అలలు లేవకముందే రెండు పూటలా తోలినారు. తిప్పకు ఆ పక్క వొదిలినామంటారు గానీ, ఆ గాలికి అంత దూరం ఎవురు పోతారు.”

“నువ్వు వొద్దనలేదా?”

“అన్నా. అయితే నీ పెళ్ళాన్ని లారీ తెమ్మను అన్నారు.”

ఊళ్ళో గాలి హోరు ఫోన్లో వినిపిస్తోంది. ఎన్ని మూటలని ఆమె అడగలేదు. అతనూ చెప్పలేదు.

“షెల్టరులోకి పోయినావా?” అని అడిగింది.

“ఇప్పుడే వొచ్చినా. శుభ్రంగా ఉండాది. కడిగి ముగ్గు కూడా ఏసినారు.” ఆ తర్వాత, “నువ్వేం చేస్తా ఉండావు?” అన్నాడు.

“వల కడతా ఉండా.”

“ఆ ఊళ్ళో వలెందుకు?”

“ఇండ్లల్లోకి పావురాలు రాకుండా కట్టుకుంటారు.”

పోలయ్యకు అది అర్థం కాలేదు. పక్షి వచ్చి వాలితే మనిషికి ఏం నష్టమని అడిగాడు. గలీజు చేస్తాయంట అని చెప్పింది. అతను ఊఁ అన్నాడు. సిగ్నలు పోయి మాట ఆగిపోయింది.

కింద నుంచి సేటు కేక వేశాడు. పదకొండో అంతస్తుకు, పన్నెండడుగుల వెడల్పు, సాయంత్రానికల్లా కావాలట. బాలమ్మ కట్టలోంచి కొత్త వల లాగి, కాలి బొటనవేలికి తగిలించుకుని కొలవడం మొదలుపెట్టింది.